నొయెలీ కోసం వండిన చేప

ఆ రోజు నేను పెట్టిన పేచీని చేపల కొట్టువాడు ఇప్పటికీ మరిచిపోలేదు. తల తీసేసి ఇస్తానన్నాడు. తల తీసిన చేపను ఓవెన్‌లో పెట్టే ఆడది మా ఏడో వార్డులో పుట్టలేదని, అలాంటి చేపే కావాలంటే డబ్బాలో కొనుక్కుంటానని గట్టిగానే అన్నాను. మొప్పలు ఎత్తి చూశాను, కళ్ళు చూశాను, వేలితో నొక్కి చూశాను. రెడ్‌ఫిష్ అని చెప్పి వేరే చేప అంటగట్టేవాళ్ళుంటారు కాబట్టి తోక దగ్గర నల్ల మచ్చ ఉందో లేదో చూసుకుని మరీ కాగితంలో చుట్టించుకున్నాను. నాకంత పట్టింపు ఎందుకంటే ఆ పూట భోజనానికి మా చెల్లెలు నొయెలీ వస్తోంది. మేమిద్దరం ఒక బల్ల దగ్గర కూర్చుని తిని ముప్పై ఏళ్ళు దాటింది.

మా అమ్మకు మేమిద్దరమే. నేను అమ్మ రంగు, కాసిని పాలు పోసిన కాఫీ. నొయెలీకి నాన్న వైపు రంగు వచ్చింది, అందులో కాఫీ లేనేలేదు. నల్ల, తెల్ల రక్తాలు కలిసిన మా క్రియోల్ ఇళ్ళలో ఒకే బల్ల చుట్టూ అన్ని రంగులవాళ్ళూ కూర్చుంటారు, దాన్ని ఎవరూ పట్టించుకోరు. వీధిలోకి వెళ్తేనే పట్టింపు. కెనాల్ వీధిలో ఒక పెద్ద కొట్టులో తెల్లవాళ్ళను మాత్రమే పనిలో పెట్టుకునేవారు. నొయెలీ వెళ్ళి టోపీలమ్మే పని అడిగింది, ఇచ్చారు. నువ్వెవరని వాళ్ళు అడగలేదు, ఇది చెప్పలేదు. కొన్నాళ్ళు పగలు వాళ్ళ మనిషి, రాత్రికి మా మనిషి. ఆ కొట్టు మీదుగా వెళ్ళాల్సి వస్తే నేను రోడ్డు దాటి అవతలి పక్కనుంచి వెళ్ళేదాన్ని, నన్ను చూసి అది తడబడకూడదని. ఆ తర్వాత హార్ట్‌మన్ అనే తెల్లాయన వాళ్ళమ్మకు టోపీ కొనడానికి వచ్చి దీన్ని పెళ్ళి చేసుకుపోయాడు. నోరా హార్ట్‌మన్ అని పేరు మార్చుకుని తెల్లవాళ్ళుండే మెటరీలో కాపురం పెట్టింది. మెటరీ ఏమన్నా దేశాంతరమా? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నాల వేళకు తిరిగి రావచ్చు. నేను వెళ్ళలేదు, అది రాలేదు. అలా తెల్లవాళ్ళలోకి దాటిపోయినవాళ్ళు మా వార్డులో ఇంటికొకరుంటారు. వాళ్ళ పేరు ఎవరూ ఎత్తరు.

అమ్మ పోయినప్పుడు గుడి ఎదురుగా ఒక కారు ఆగి ఉండటం చూశాను. అద్దాలు పైకి ఎత్తి ఉన్నాయి, లోపల ఎవరో నల్ల ముసుగు వేసుకుని కూర్చున్నారు. శవపేటిక బయటికి తెచ్చేసరికి కారు లేదు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇంకా పోలేదు.

అటువంటి నొయెలీ, ఈస్టర్‌కి ముందొచ్చే ఆ తపసుకాలంలో ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"అక్కా, నేనే."

"ఎవరు పోయారు?" అన్నాను. మంచి కబురు చెప్పడానికి అది నాకు ఫోన్ చేస్తుందని నేననుకోలేదు.

"మా ఆయన. క్రిస్మస్‌కి ముందు." అంది. "ఇంత ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నానక్కా. పొద్దున్నే లేచి రేడియో పెట్టేస్తాను, ఎవరో ఒకళ్ళు మాట్లాడుతుంటారని."

"నీకు రేడియో అయినా పని చేస్తోంది. నాది ఎప్పుడో పాడైంది."

నొయెలీ నవ్వింది. చిన్నప్పుడు గుడిలో నవ్వాపుకోలేక ముక్కుతో నవ్వేది, అదే నవ్వు. దాంతో నా కోపం సగం దిగిపోయింది, నాకు ఇష్టం లేకపోయినా.

"అక్కా, అమ్మ చేసే చేప నీకొచ్చా? టమాటా గుజ్జులో, ఓవెన్‌లో పెట్టి చేసేది?"

"వచ్చా ఏమిటే! అమ్మ చేతిలో ఉప్పు ఎక్కువయ్యేది. నా చేతిలో కాదు."

"అయితే మంగళవారం వస్తాను. తిన్నాక మాట్లాడుకుందాం." ఫోన్ పెట్టేయబోతూ అడిగింది. "నీ దగ్గర ఇంకో గదేమన్నా ఉందా?"

"ఉంది. ఖాళీగానే ఉంది."

"సరే. మంగళవారం మాట్లాడుకుందాం," అంది.

ఆ గది మాట విన్నప్పటినుంచి నాకు కాలు నిలవలేదు. అరవై దాటాక మనిషి ఏం కోరుకుంటుంది? అవతలి గదిలో ఎవరో దగ్గితే వినపడాలి. కాఫీ ఎక్కువైంది, నీకూ పొయ్యనా అని అడగడానికి ఒక మనిషుండాలి. నేను రోజూ గిన్నెలోంచే, నిలబడే తినేస్తాను. నాకొక్కదానికి బల్ల సర్దడం సిగ్గనిపిస్తుంది. నొయెలీ వచ్చి ఒక పూట కడుపునిండా తిని, ఇది నా ఇల్లే అనుకుంటే ఉండిపోతుంది. ఆ చేప బాగా కుదరడం మీదే నా మిగిలిన బతుకంతా ఆధారపడి ఉన్నట్టు అనిపించింది.

వెనక గది దులిపాను, దుప్పట్లు ఎండలో వేశాను. అమ్మ పక్కన మేమిద్దరం నిలబడి తీయించుకున్న ఫోటోను పెట్టెలోంచి తీసి ముందు గదిలో అల్మారా మీద పెట్టాను.

ఒక్కటే చిక్కు వచ్చింది. క్లెయిబోర్న్ వీధి మీద వంతెన రోడ్డు వేసినప్పుడు మా పాత ఇల్లు పోయింది. ఇప్పుడుంటున్న ఇల్లు నొయెలీకి తెలియదు. మా వరసలో అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు జంట ఇళ్ళు, నడిమి గోడకు అటొకరు ఇటొకరు. నంబర్లు సగం ఊడిపోయాయి. సోమవారం మళ్ళీ ఫోన్ చేసి, "వీధిలో ఎవరినీ అడగనక్కా. అడిగితే ఆవిడ మీకేమవుతుందంటారు," అంది.

"అడగొద్దులే. గుమ్మం పైన పెద్ద లారెల్ కొమ్మ కడతాను. అది చూసి తిన్నగా వచ్చెయ్యి," అన్నాను. పెరట్లో లారెల్ చెట్టు గుబురుగా పెరిగి ఉంది, దాని ఆకు లేకుండా నేను ఏ పులుసూ కాయను. నా తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మంగళవారం పొద్దున్నే గుడికి వెళ్ళి పూజ చూసుకుని, చేప కొనుక్కుని వచ్చాను. పూజలో ఫాదర్ పునీత జోజప్పగారి గురించే ప్రసంగం చేశారు. నా చెవికెక్కితేగా! నా మనసంతా చేప మీదే ఉంది. ఇంటికి రాగానే కుర్చీ ఎక్కి గుమ్మం పైన కొమ్మ కట్టేశాను.

చేపను ఉప్పు, నిమ్మరసంతో రుద్ది కడిగాను. రెండు వైపులా ఏటవాలుగా గాట్లు పెట్టి, ప్రతి గాటులో వెల్లుల్లి చీలికలు, ఉల్లికాడలు, మిరియాల పొడి, కాస్త ఎర్ర కారం కూరాను. మూకుడులో నూనె కాచి పిండి చల్లి, వేరుశనగ పొట్టు రంగు వచ్చేదాకా తిప్పుతూ వేయించాను. పిండి వేగేటప్పుడు ఇల్లంటుకున్నా సరే గరిటె ఆపకూడదనేది అమ్మ. ఉల్లిపాయ, సెలరీ, కాప్సికమ్ ముక్కలు అందులో పడేసరికి ఇల్లంతా ఘుమఘుమలాడింది. టమాటాలు, థైమ్, లారెల్ ఆకులు, కొంచెం వైన్ వేసి మెత్తగా ఉడికించాను. అమ్మ వాడిన కోలగిన్నెలో చేపను పడుకోబెట్టి, నిమ్మ చక్రాలు పేర్చి, చుట్టూ ఆ గుజ్జు పోసి ఓవెన్‌లోకి తోశాను. మధ్యమధ్యలో తలుపు తీసి గుజ్జును చేప మీదికి పోస్తూ ఉండాలి, లేకపోతే పైన ఎండిపోతుంది. పక్క పొయ్యి మీద అన్నం వండాను. ఎందుకో చేయి జారి చాలా ఎక్కువే వండాను.

బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి రెండు పళ్ళేలు పెట్టాను. చేప బుగ్గలో ఉండే మెత్తటి ముక్క ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళదని మా ఇంట్లో రివాజు. నొయెలీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు ఆ ముక్క రుచి తెలియదు. చేప తల దాని పళ్ళెం వైపు వచ్చేలా గిన్నె పెట్టాలని చూసుకున్నాను.

చేపను ఓవెన్‌లోంచి దించి బల్ల మీద పెట్టానో లేదో, గుమ్మం ముందు అడుగుల చప్పుడైంది. చేతులు తుడుచుకుని తలుపు తీశాను. ఒక ముసలాయన, పక్కన ఆయన భార్య. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పునీత జోజప్ప మీ ఇంటిని చల్లగా చూడాలి తల్లీ," అన్నాడు. "బల్ల ఏ గదిలో పెట్టారమ్మా?"

"ఏ బల్ల?" అన్నాను వెర్రిదానిలా.

పక్కింటి అరుగు మీంచి ఫెలీసీ అత్త ఇంత గొంతేసుకుని అరిచింది. "ఏమే ఒడీల్! ఎప్పట్నుంచే నీకింత భక్తి? జోజప్ప బల్ల పెడుతూ గోడవతల ఉన్నదానికి ఒక్క మాట చెప్పలేదే!"

అప్పుడు వెలిగింది నాకు. జోజప్ప పండగనాడు గుమ్మానికి పచ్చకొమ్మ కట్టారంటే ఆ ఇంట్లో ఆయన పేరున బల్ల పెట్టారని, దారినపోయే ఎవరైనా సరే లోపలికి వచ్చి తినవచ్చని ఈ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అది ఇటలీవాళ్ళు తెచ్చిన ఆనవాయితీ. ఏటా మేం వాళ్ళ వీధులకు వెళ్ళి తిని వస్తాం గాని మా వీధిలో ఎవరూ పెట్టరు. అందుకే నా మట్టిబుర్రకు తట్టలేదు. చెల్లెలు ఎవరి కంటా పడకుండా రావాలని కట్టిన కొమ్మతో ఊరందరినీ పిలిచి కూర్చున్నాను.

నేను నోటి దురుసుదాన్నే గాని, పండగపూట గుమ్మంలోకి వచ్చి దీవించిన ముసలివాళ్ళను పొమ్మనలేకపోయాను. లోపలికి రమ్మన్నాను. తోక దగ్గర రెండు ముక్కలు కోసి, అన్నం మీద గుజ్జు పోసి ఇచ్చాను. వాళ్ళు తింటుండగానే వీధిలోకి వచ్చి, కొమ్మ తీసేద్దామని కుర్చీ ఎక్కాను. ముడి సగం విప్పాక, ఇది తీసేస్తే నొయెలీ ఇల్లెలా కనుక్కుంటుందని గుర్తొచ్చింది. అలాగే కుర్చీ మీద నిలబడి వీధి రెండు వైపులా చూశాను. ఎవరూ కనపడలేదు. ముడి మళ్ళీ బిగించి దిగాను.

ఆ తర్వాత ఇద్దరు నర్సులు వచ్చారు, వాళ్ళ వెనక తపాలా బంట్రోతు. వచ్చినవాళ్ళకల్లా నేను తోక వైపు నుంచే కోసి పెడుతున్నాను. కత్తి మెల్లగా తల వైపుకు జరుగుతోంది. ఫెలీసీ అత్త తన ఇంట్లోంచి ప్లాస్టర్ జోజప్ప బొమ్మ, రెండు కొవ్వొత్తులు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టేసింది. అల్మారా మీది ఫోటోను కూడా తెచ్చి బొమ్మ పక్కన నిలబెట్టింది, పోయినవాళ్ళ ఫోటోలు బల్ల మీద ఉండాలంటూ. వెళ్ళేటప్పుడు వచ్చినవాళ్ళకు దీవించిన పెద్ద చిక్కుడు గింజ ఇవ్వాలి. నా దగ్గర ఉన్నవి కూరకు దాచుకున్న ఎండు చిక్కుడు గింజలు. అవే తలా ఒకటి ఇచ్చాం.

"ఇంత చిన్న గింజ నేనెక్కడా చూడలేదే," అన్నాడు తపాలా బంట్రోతు.

"ఇది మా వంశాచారం నాయనా," అంది అత్త, కళ్ళు కూడా ఆర్పకుండా.

వాళ్ళంతా వెళ్ళిపోతే చాలని నేను పునీతులందరికీ మొక్కుతుంటే ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. ముగ్గురు తెల్లావిడలు దిగారు. బీమా డబ్బులకొచ్చే మనిషి తప్ప తెల్లవాళ్ళెవరూ నా ముందు గదిలో అడుగుపెట్టి ఎరగరు. వాళ్ళలో పెద్దావిడ పేరు తుస్కానో. లావుపాటి మనిషి, నవ్వు మొహం.

"పేపర్లో మీ బల్ల గురించి వెయ్యలేదేమిటమ్మా? కొమ్మ చూసి ఆగాం. మా అమ్మమ్మ సిసిలీలో పెట్టేది, అచ్చం ఇలాగే ఒక్క చేపతో," అంటూ బొమ్మ ముందు మోకరించి లేచింది. "మేం మెటరీ నుంచి వస్తున్నాం. మా గుడిలో పూలు సర్దే సంఘం వాళ్ళం."

మెటరీ! నొయెలీ ఉండే చోటే. గబగబా మూడు పళ్ళేలు నింపి ఇచ్చాను. "ఇంకా చాలా ఇళ్ళకు వెళ్ళాలేమో కదమ్మా మీరు," అన్నాను.

"ఇంత రుచైన చేప వదిలిపెట్టి ఎక్కడికి వెళ్తాం?" అని ఆవిడ కుర్చీ లాక్కుని స్థిరంగా కూర్చుంది. మిగతా ఇద్దరూ కూర్చున్నారు. అప్పటికి చేప దాదాపు అయిపోయింది. తల, మెడ దగ్గర కొంచెం మాంసం మిగిలాయి. నేను గిన్నె మీద మూత పెట్టేశాను.

అప్పుడే నొయెలీ వచ్చింది.

తలుపు తీసే ఉండటంతో తిన్నగా లోపలికి వచ్చేసింది. బూడిదరంగు కోటు, నల్ల చేతితొడుగులు, చేతిలో ఒక చిన్న పెట్టె. జుట్టు తెల్లబడింది. ఆ నడక మాత్రం అమ్మదే, ఎడమ కాలు కాస్త ఈడ్చి వేసేది. నన్ను చూసి దాని మొహం విప్పారింది. నోరు తెరిచింది, 'అక్కా' అనబోయిందని దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పగలను.

"అరె, నోరా! నువ్వూ వచ్చావా?" అంది తుస్కానో.

నొయెలీ అక్కడే ఆగిపోయింది. ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత వాళ్ళ వైపు తిరిగి నవ్వింది.

"వీధిలో పోతుంటే కొమ్మ కనపడింది," అంది. "బల్ల చూసిపోదామని వచ్చాను."

ఫెలీసీ అత్త చిన్నప్పుడు దాన్ని చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆవిడ కళ్ళు ఇంతింత చేసుకుని, "ఇది మన..." అని మొదలుపెట్టింది. అన్నం గిన్నె తీసుకెళ్ళి ఆవిడ చేతుల్లోకి తోసేశాను.

"అత్తా, వంటింట్లో అన్నం మాడుతోంది చూడు."

"అన్నం ఎప్పుడో దించావు కదే?"

"మళ్ళీ పెట్టాను. వెళ్ళు."

ఆవిడ నా మొహం చూసి, గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆవిడ అంత బుద్ధిగా మాట వినడం నేనెప్పుడూ చూడలేదు.

"కూర్చోండి," అన్నాను మా చెల్లెలితో.

"మీకు శ్రమ ఇస్తున్నాను," అంది.

దాని పళ్ళెంలో చేప తల పెట్టాను. నేను చేయగలిగింది అదొక్కటే. "అయ్యో, ఆవిడకి తల పెట్టారేమిటి పాపం!" అని తుస్కానో నవ్వింది. నొయెలీ నవ్వలేదు. చెంచా తీసుకుని, కంటి కింద చిన్నగా గుచ్చి, బుగ్గ ముక్కను విరక్కుండా పైకి తీసి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. దాని గొంతు కదలడం నాకు కనపడుతోంది. ఆ ఒక్క క్షణం అది మా ఇంటి పిల్లే, నేను దాని అక్కనే. ఇప్పుడు చెప్పేస్తుందనుకున్నాను.

"ఇదెక్కడ నేర్చుకున్నావు నోరా? నీ దగ్గర ఇన్ని విద్యలున్నాయని మాకు తెలియదే," అంది తుస్కానో.

నొయెలీ కళ్ళు తెరిచింది. "చిన్నప్పుడు మా ఇంట్లో ఒక వంటామె ఉండేది," అంది. "ఆవిడ నేర్పింది."

వంటామె! మమ్మల్ని పెంచడానికి వాళ్ళవీ వీళ్ళవీ బట్టలు ఉతికి ఉతికి వేళ్ళు వంకర్లు పోయిన మా అమ్మ. నాకు ఒళ్ళు భగ్గుమంది. గరిటె కింద పెట్టేశాను, చేతిలో ఉంటే ఏం చేస్తానో నాకే తెలియలేదు.

తుస్కానోకు ఇదేమీ పట్టలేదు. బొమ్మ పక్కనున్న ఫోటోకేసి వంగి చూస్తోంది. "వీళ్ళెవరమ్మా? మీ వాళ్ళేనా?"

"మా అమ్మ," అన్నాను. "ఆ పెద్దపిల్లను నేను."

"మరి ఈ చిన్నది? ఎంత ముద్దుగా ఉందో."

నొయెలీ చెంచా పట్టుకున్న చేయి గాలిలో ఆగిపోయింది. దాని కళ్ళు నా మీదే ఉన్నాయి. చెప్పొద్దని బతిమాలుతున్నాయో, చెప్పేయమని బతిమాలుతున్నాయో నాకు తెలియలేదు.

"అది మా చెల్లెలు," అన్నాను. "పోయింది."

"అయ్యో పాపం. పేరేమిటి?"

"నొయెలీ."

"దేవుడు ఆ బిడ్డ ఆత్మకు శాంతినివ్వాలి," అని తుస్కానో సిలువ గుర్తు వేసుకుంది. మిగతా ఇద్దరూ వేసుకున్నారు. నొయెలీ చెంచా పళ్ళెంలో పెట్టి, చేతితొడుగు లేని చేత్తో నుదురు, గుండె, భుజాలు తాకి తన కోసం తనే సిలువ గుర్తు వేసుకుంది.

"మంచి పేరు, కదూ నోరా?" అంది తుస్కానో.

"మంచి పేరు," అంది నొయెలీ.

తినడం అయ్యాక వాళ్ళు లేచారు. "బస్సులో వచ్చావా? మా కారులో చోటుంది, పద," అంది తుస్కానో. నొయెలీ కుర్చీలోంచి లేవలేదు. బల్ల అంచు పట్టుకుని నా వైపు చూసింది. ఆవిడ ఉంటుందండీ, ఆవిడ కోసమే వండాను అని నేనంటే చాలు. నా నాలుక మీదే ఉంది ఆ మాట. కాని అలా అంటే రేపటినుంచి దాని గుడి, దాని ఇరుగుపొరుగు, హార్ట్‌మన్ పక్కన దానికంటూ ఉంచిన సమాధి చోటు అన్నీ పోతాయి. అవన్నీ వదులుకుని నా వెనక గదికి రావాలంటే ఆ మాట అది చెప్పాలి. నేను చెప్పకూడదు. దాని నోటివెంట రాలేదు.

"వెళ్ళండమ్మా," అన్నాను. "సాయంత్రమైతే బస్సులు దొరకవు."

లేచింది. గుమ్మం దాకా వెళ్ళాక తుస్కానో దాని చేతిలోని పెట్టె చూసింది. "ఇదేమిటి నోరా, ఊరికి వెళ్తున్నావా?"

"కాదు, పాత బట్టలు. బల్ల దగ్గర పేదవాళ్ళకు ఇద్దామని తెచ్చాను." వెనక్కి వచ్చి పెట్టె నా చేతికిచ్చింది. దాని వేళ్ళు నా వేళ్ళ మీద ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువసేపు ఉన్నాయి. "మీకు తెలిసినవాళ్ళు ఎవరికైనా ఇవ్వండి."

"అలాగేనమ్మా," అన్నాను. నా సంచీలోంచి ఒక చిక్కుడు గింజ తీసి దాని అరచేతిలో పెట్టాను, అందరికీ పెట్టినట్టే. కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. అది వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడ్చేదని నా నమ్మకం.

ఫెలీసీ అత్త వంటింట్లోంచి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "మీ ఇద్దరికీ బుద్ధుందటే? అది అలా అంటే నువ్వు ఇలా అంటావా? బతికున్నదాన్ని చంపేస్తావా?"

"అది నా తల్లిని వంటామె అంటే ఊరుకోమన్నావా?"

"ఊరుకోకపోతే ఏమొచ్చిందే నీకు?" అంది. నేను బల్ల మీది పళ్ళేలు ఏరడం మొదలుపెట్టాను. ఆవిడ కూడా కాసేపు కూర్చుని, గోడవతలికి తన ఇంటికి వెళ్ళిపోయింది.

గిన్నెలు కడిగాను. ముల్లు, తల ఎముకలు కాగితంలో చుట్టి పారేశాను. నా కోసం ఒక్క ముక్క కూడా మిగల్లేదని అప్పుడు గమనించాను. ఉత్త అన్నంలో అడుగున మిగిలిన గుజ్జు కలుపుకుని, పళ్ళెం పెట్టుకుని, కుర్చీలో కూర్చునే తిన్నాను.

ఆ తర్వాత పెట్టె తెరిచాను. పాత బట్టలు కావు. ఇస్త్రీ చేసిన రాత్రి గౌను, ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు, దువ్వెన, జపమాల, రక్తపోటు మాత్రల సీసా. పొద్దున కాఫీకి తన కప్పు కూడా ఒక తువ్వాలులో చుట్టి తెచ్చుకుంది. అది వచ్చింది భోజనానికి కాదు. గౌను వెనక గదిలో మేకుకు తగిలించాను, చెప్పులు మంచం కింద పెట్టాను. ఆ మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఏడుపు గోడవతలికి వినపడిందని తెలుసు, అత్త పలకరించలేదు.

ఫోన్ వస్తుందేమోనని ఈస్టర్ దాకా చూశాను, వేసవంతా చూశాను. నా దగ్గర దాని నంబరు లేదు. అది ఎప్పుడూ ఇవ్వలేదు, నేను అడగలేదు.

మరుసటి ఏడు పండగకు నేను నిజంగానే బల్ల పెట్టాను. ఒకసారి మొదలుపెట్టిన బల్ల మానకూడదంటారని అందరికీ చెప్పాను. పేపర్లో కూడా వేయించాను, మెటరీలో అందరూ చదివే పేపర్లో. ఈసారి ఓవెన్ పట్టినన్ని చేపలు కాల్చాను, ఫెలీసీ అత్త ఓవెన్‌లో ఇంకొన్ని కాల్చింది. జనం అరుగు దాటి వీధిదాకా వరస కట్టారు. నేను గరిటె పట్టుకుని వడ్డిస్తూ, వచ్చిన ప్రతి మొహమూ చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నం దాటాక తుస్కానో వచ్చింది, ఆవిడ వెనకే బూడిదరంగు కోటు.

పోయిన ఏటికన్నా చిక్కిపోయింది. పళ్ళెం చాచింది. తల వైపు ముక్క తీసి పెట్టాను. అక్కడే నిలబడి, వెనకవాళ్ళు చూస్తుండగానే ఒక ముద్ద తింది.

"చాలా బాగుందండీ," అంది.

"ఒంట్లో కులాసాగా ఉందా అమ్మా?" అన్నాను.

"ఉందండీ. మీకు?"

"ఏదో, గడుస్తోంది. ఇంకో ముక్క వెయ్యమంటారా?"

"వెయ్యండి," అంది. వేశాను. వెనక వరస ఆగిపోయిందని తుస్కానో తొందరపెట్టడంతో, నా చెల్లెలు పళ్ళెం పట్టుకుని పక్కకు జరిగింది. నేను తర్వాతి మనిషికి వడ్డించాను.